కొండ మీద శిల్పం: హకోనె, జిబెల్లీనా

1968 జనవరి 14, 15 తేదీల్లో సిసిలీ పడమటి భాగంలోని బెలీచె లోయ వరుస భూకంపాలతో వణికిపోయింది. జిబెల్లీనా, పోజ్జొరెయాలె, సలపరూతా, మొంతెవాగో అనే నాలుగు ఊళ్లు పూర్తిగా కూలిపోయాయి. సుమారు లక్షమందికి నిలువ నీడ లేకుండా పోయింది. మరుసటి ఏడాది ఆగస్టు 1న, జపాన్‌లోని హకోనె కొండల్లో ఆ దేశపు మొట్టమొదటి ఆరుబయలు శిల్ప మ్యూజియం తెరుచుకుంది. ఒక సంఘటనకు ఇంకొకటి కారణం కాదు. ఒకచోట విషాదం, మరొకచోట విహారం.

పోలికకు సమానధర్మం కావాలని మన ఆలంకారికులు చెప్పారు. ఇక్కడ అది లేకపోలేదు. రెండు చోట్లా నేల నిలకడ లేనిది. హకోనె ఒక అగ్నిపర్వతపు ఒడిలో ఉంది, జిబెల్లీనా భూకంపాల దారిలో ఉంది. రెండు చోట్లా ఒక తరం వాళ్లు ఆధునిక కళను నాలుగు గోడల మధ్య నుంచి ఎండలోకి, వానలోకి తెచ్చారు. రెండింటికీ ఇవాళ ఆరుబయలు మ్యూజియం అన్న పేరే చెల్లుతోంది. దాదాపు నాలుగు వేల జనాభా ఉన్న జిబెల్లీనాను 2026 సంవత్సరానికి తన తొలి 'సమకాలీన కళా రాజధాని'గా ఇటలీ ప్రకటించింది కూడా. అందుచేత ఈ రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి ఒక ప్రశ్న వేయవచ్చు. కళను ఆరుబయట పెడితే సరిపోతుందా, ఆ బయలుతో దానికి చుట్టరికం ఉండాలా?

పునాది వేసినవాళ్లు

హకోనె మ్యూజియాన్ని నెలకొల్పింది ఫుజిసాంకెయి అనే ప్రసార, పత్రికా సంస్థల సమూహం. దాని అధినేత నొబుతాకా షికనాయి. జపాన్ ఆర్థికంగా పరుగులు తీస్తున్న రోజులవి. టోక్యో వాసులకు హకోనె అప్పటికే చిరపరిచితమైన విడిది. వేడినీటి బుగ్గలున్నాయి, సత్రాలున్నాయి, కొండ వాలు మీద ముందుకూ వెనక్కూ దిశ మార్చుకుంటూ ఎక్కే చిన్న రైలు ఉంది. అంటే శిల్పాలు రాకముందే వాటిని చూసేవాళ్లు వచ్చి ఉన్నారు. 70 వేల చదరపు మీటర్ల వాలు నేలలో ఇప్పుడు సుమారు 120 శిల్పాలు నిలిచి ఉన్నాయి. మ్యూజియం వచ్చిన కొన్నాళ్లకే పక్కనున్న రైల్వే స్టేషన్ కూడా దాని పేరే పెట్టుకుంది.

జిబెల్లీనాకు పునాది వేసినవాడు లుదొవీకో కొర్రావ్. వృత్తిరీత్యా న్యాయవాది. తనను ఎత్తుకెళ్లి బలాత్కరించినవాణ్ణి పెళ్లాడి 'పరువు దక్కించుకొమ్మన్న' ఆచారాన్ని ధిక్కరించి, సిసిలీ సమాజాన్ని 1966లో కోర్టులో ఎదిరించిన ఫ్రాంకా వియోలా తరఫున వాదించింది ఆయనే. భూకంపం తర్వాత జిబెల్లీనా మేయరై దశాబ్దాల పాటు ఆ ఊరిని నడిపాడు. పాత ఊరిని వదిలేసి, రోడ్డు మీద సుమారు 20 కిలోమీటర్ల దూరాన, కొండ దిగువ నేలలో కొత్త ఊరు కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. నిర్ణయం త్వరగానే జరిగింది, పని మాత్రం సాగలేదు. జనం పదేళ్లకు పైగా తాత్కాలిక షెడ్లలోనే చలికీ ఎండకూ ఓర్చుకున్నారు. ఈ నిర్లక్ష్యానికి జవాబుగా కొర్రావ్, రచయిత లియొనార్దో షాషా వంటివాళ్లతో కలిసి 1970లో దేశంలోని కళాకారులకూ మేధావులకూ పిలుపునిచ్చాడు. శిల్పులు, చిత్రకారులు, వాస్తుశిల్పులు వచ్చారు. పలువురు ప్రతిఫలం కోరలేదు.

హకోనెలో కళ ఒక సంపన్న సంస్థ సంకల్పం. జిబెల్లీనాలో అది నిర్వాసితుల పక్షాన వేసిన దావా. మొదటిదాంట్లో సౌకర్యం ఉంది, రెండోదాంట్లో అవసరం ఉంది. అవసరం గొప్పదైనంత మాత్రాన ఫలితం గొప్పదవుతుందన్న హామీ లేదు. అక్కడి నుంచే విమర్శకుడి పని మొదలవుతుంది.

శిల్పమూ నేలా

ఆకాశాన్ని మించిన నేపథ్యం శిల్పానికి లేదని శిల్పి హెన్రీ మూర్ నమ్మాడు. హకోనె ఆ నమ్మకాన్ని అక్షరాలా పాటించింది. మూర్ కృతులు 26 దాకా ఈ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. ఆయన వాలి పడుకున్న మనుషుల భుజాలు, తుంట్లు, మధ్యలోని ఖాళీలు ఎప్పుడూ కొండలనూ గుహలనూ తలపిస్తాయి. వెనక నిజమైన కొండలుంటే ఆ పోలిక ఇక ఊహగా మిగలదు. కంచు రంధ్రంలోంచి పచ్చిక కనిపిస్తుంది, మంచు కురిసిన రోజు తెలుపు కనిపిస్తుంది. చూసేవాడు నాలుగడుగులు వేస్తే చాలు, శిల్పం తన రూపురేఖలు మార్చుకుంటుంది. నేల ఎత్తుపల్లాలను తోటమాలి నేర్పుతో వాడుకోవడం హకోనె సాధించిన గొప్ప విజయం.

దాని పరిమితి కూడా అక్కడే ఉంది. హకోనెలో నిలబడ్డ రోడాఁ 'బాల్జాక్' పారిస్ వీధి కూడలిలోనూ, న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం తోటలోనూ నిలబడి ఉన్నాడు. కార్ల్ మిల్లెస్ చేసిన, రెక్కల గుర్రంతో పాటు గాలిలో ఎగిరే మనిషికి స్వీడన్‌లోనూ అమెరికాలోనూ జంటలున్నాయి. ఒకే అచ్చులోంచి పలుమార్లు పోత పోయడం కంచు శిల్పానికి సహజమే, అందులో తప్పు లేదు. అయితే ఒక కృతిని ఇక్కడి నుంచి పెకలించి మరో కొండ మీద పెడితే ఏం పోతుందని అడిగితే, హకోనెలోని చాలా శిల్పాల విషయంలో వచ్చే జవాబు 'ఏమీ పోదు' అనే. ఈ సంస్థే 1981లో నాగనో ప్రాంతంలో సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉత్సుకుషిగహారా పీఠభూమి మీద రెండో ఆరుబయలు మ్యూజియం తెరిచింది. మొదటి చోట పండిన పద్ధతి రెండో చోటికి సులువుగా వెళ్లగలిగింది. ఆ సులువే పరిమితికి సాక్ష్యం.

కొత్త జిబెల్లీనాలో ప్రవేశించేవారికి మొదట ఎదురయ్యేది పియెత్రో కొన్సాగ్రా నిలిపిన స్టీలు నక్షత్రం. 1981 నాటిది. సుమారు 25 మీటర్ల ఎత్తున రోడ్డుకు అడ్డంగా తోరణంలా ఉంటుంది, కార్లు దాని కింది నుంచి పోతాయి. సిసిలీ ఊళ్లలో పండగలకు కట్టే దీపాల అలంకరణను అది గుర్తుచేస్తుంది. కొన్సాగ్రా పుట్టింది ఆ చుట్టుపక్కలే, మజారా దెల్ వాల్లోలో. కాబట్టి ఆ నక్షత్రానికి ఆ నేలతో బంధుత్వం ఉంది. ఊళ్లో శ్మశానం గేట్లు కూడా ఆయనే చేశాడు.

నక్షత్రం దాటి లోపలికి వెళ్తే కథ మారుతుంది. రాజధానిలో కూర్చున్న ప్రణాళికా నిపుణులు ఉత్తర ఐరోపా ఉద్యాన నగరాల నమూనాలో గీసిన ఊరది. విశాలమైన రోడ్లు, వాటి వెంట తోటలున్న పొట్టి ఇళ్ల వరసలు. పాత జిబెల్లీనాలో ఇరుకు సందులు, మెట్లు, ఒకరి గుమ్మం ఎదురుగా మరొకరి గుమ్మం. అరుగు మీద కూర్చుంటే వీధంతా పలకరించే ఊరు అది. కొత్త ఊళ్లో పలకరింపుకు అందని దూరాలు వచ్చాయి. ఆ ఖాళీలను నింపే బాధ్యత శిల్పాల మీద పడింది. వాస్తుశిల్పులు ఫ్రాంకో పురీని, లౌరా తెర్మెస్ ఐదు చౌకులను వరసగా కలిపి గీశారు. వాటి గీతలు అందంగా ఉన్నాయి. కానీ ఆరు వేల జనం ఉండిన ఊరు తగ్గుతూ పోయినప్పుడు, అన్ని చౌకుల్లో నిలబడి మాట్లాడుకోవడానికి మనుషులు ఎక్కడి నుంచి వస్తారు?

ఇక్కడొక వింత కనిపిస్తుంది. కొత్త జిబెల్లీనా తన పాత ఊరికన్నా హకోనెనే ఎక్కువ పోలి ఉంది. ఖాళీ నేల, అక్కడక్కడా కళాఖండం, మధ్య నడక. హకోనెలో ఆ ఖాళీ విశ్రాంతినిస్తుంది, ఎందుకంటే చూసేవాడు సాయంత్రానికి తన ఇంటికి వెళ్తాడు. జిబెల్లీనాలో అదే ఖాళీ బరువవుతుంది, ఎందుకంటే చూసేవాడి ఇల్లు అదే. కొత్త ఊరి కట్టడాల్లో నేను ఎక్కువ విలువ ఇచ్చేది ఫ్రాంచెస్కో వెనేజియా కట్టిన పలాజ్జో ది లొరెంజోకు. పాత ఊళ్లో కూలకుండా మిగిలిన ఒక భవనపు ముఖభాగాన్ని తెచ్చి, కొత్త గోడల మధ్య ముంగిట్లో నిలిపాడు. దాని పక్కనే మెల్లగా పైకెక్కే దారి ఉంది. పెద్ద ప్రకటనలేవీ లేవు. పాతదాన్ని కాపాడుతూ కొత్తదాన్ని కట్టవచ్చని ఒక్క భవనంతో చూపాడు.

రెండు గోపురాలు

హకోనెలో 1975లో వెలసిన గాబ్రియేల్ లువార్ గోపురం 18 మీటర్ల ఎత్తుంటుంది. లువార్ ఫ్రాన్సులోని షార్ట్ర్ పట్టణానికి చెందిన రంగు అద్దాల నిపుణుడు, చర్చి కిటికీలు చేయడంలో చేయి తిరిగినవాడు. ఈ గోపురంలో గోడలన్నీ రంగు గాజే. మందపాటి గాజు ముక్కల మీద ఎండ పడితే లోపల మెట్లు, చేతులు, ముఖాలు అన్నీ రంగు పులుముకుంటాయి. సుడి మెట్లెక్కి పైకి చేరితే తోట, చుట్టూ కొండలు ఒక్కసారిగా పరుచుకుంటాయి. ఇక్కడ దేవుడు లేడు, పూజ లేదు. మధ్యయుగపు చర్చి తన భక్తులకిచ్చిన అనుభూతిలో సగం మాత్రం ఉంది. దాన్ని చవకబారు ఆనందం అని కొట్టిపారేసే విమర్శకులుండవచ్చు. కానీ ఆ పరవశానికి చదువు అక్కరలేదు, ఆరేళ్ల పిల్లకూ అరవై ఏళ్ల తాతకూ అది సమానంగా అందుతుంది. ఆరుబయలు మ్యూజియానికి ఇది చిన్న గుణం కాదు.

జిబెల్లీనా కొత్త ఊరి ఎత్తైన చోట వాస్తుశిల్పి లుదొవీకో క్వరోని గీసిన చర్చి ఉంది. 1970ల మొదట్లో గీసిన నమూనా అది. ఒక బ్రహ్మాండమైన తెల్లని గోళం, దాన్ని పట్టుకున్న నలుచదరపు కట్టడం. ఊళ్లో ఎక్కడ నిలబడ్డా గోళం కనిపిస్తుంది. ఆ రూపంలో ధైర్యం ఉంది. అయితే ప్రార్థనలు మొదలుకాకుండానే 1994లో పైకప్పు కూలింది. మళ్లీ బాగుచేసి భక్తులకు అప్పగించేసరికి 2010 అయింది. గీత గీసిన నాటి నుంచి గంట మోగే నాటికి దాదాపు 40 ఏళ్లు. కొన్సాగ్రా గీసిన నాటకశాల కూడా దశాబ్దాల పాటు అసంపూర్తి కాంక్రీటు అస్థిపంజరంగానే నిలిచింది.

హకోనెలో చర్చి కాని గోపురం చర్చిలా పనిచేస్తోంది. జిబెల్లీనాలో అసలైన చర్చి ఒక తరం పాటు శిల్పంగా మాత్రమే మిగిలింది. రూపకల్పనలో క్వరోని లువార్ కన్నా ఎక్కువ సాహసం చేశాడనే నా అభిప్రాయం. అయితే నీడ కోసం ఎదురుచూసే ఊరికి ముందు కావలసింది నిలిచే పైకప్పు. అది కూలినప్పుడు సాహసాన్ని పొగడడానికి నోరు రాదు.

వలా, పగులూ

ఈ రెండు చోట్లా నేలతో నిజంగా ముడిపడ్డ కృతి ఒక్కొక్కటి ఉంది.

హకోనెలో అది 2009లో వచ్చిన వల మంటపం. తెజుకా దంపతుల వాస్తు సంస్థ పెద్ద పెద్ద కలప దూలాలను పేర్చి గుట్టలా ఒక మంటపం కట్టింది. దాని నడుమ తొషికో హొరియుచి మెకాడమ్ చేత్తో అల్లిన రంగురంగుల వల వేలాడుతుంది. 1970ల్లో తన నేత కళాఖండం ఒకటి ప్రదర్శనలో ఉండగా పిల్లలు అందులోకి ఎగబాకి ఊగడం చూసి, ఆమె గ్యాలరీల కోసం చేయడం మాని పిల్లల కోసం అల్లడం మొదలుపెట్టింది. ఇక్కడ వలలోకి పిల్లలకే ప్రవేశం. పెద్దవాళ్లు దూలాల మధ్య కూర్చుని చూడాలి. ఒక పిల్లవాడు దూకితే ఆ కుదుపు అవతలి పిల్లను తాకుతుంది. ముట్టుకోరాదన్న పలక లేని శిల్పం ఇది. మూర్, రోడాఁ ఉన్న తోటలో అందరికన్నా ఎక్కువ ప్రాణమున్నది ఈ అల్లికకే అంటే అతిశయోక్తి అనుకోను.

జిబెల్లీనాలో అది అల్బెర్తో బూర్రి 'క్రెత్తో'. బూర్రి మొదట సైన్యంలో వైద్యుడు. రెండో ప్రపంచ యుద్ధంలో బందీగా అమెరికాలోని టెక్సస్ శిబిరంలో ఉన్నప్పుడు బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. 1970ల్లో తెల్లని పూతను ఎండి బీటలు వారనిచ్చి, ఆ పగుళ్లనే చిత్రాలుగా చేశాడు. కొర్రావ్ పిలుపు మీద కొత్త ఊరు చూడవచ్చినప్పుడు, అక్కడ తాను చేయవలసింది లేదనిపించి, పాత ఊరి శిథిలాలు చూపించమన్నాడు. 1980ల మధ్యలో పని మొదలైంది. కూలిన ఇళ్ల రాళ్లూ దూలాలూ సామానూ అన్నిటినీ దిమ్మెలుగా పోగుచేసి, పైన తెల్ల సిమెంటు పోశారు. దిమ్మెల ఎత్తు సుమారు మనిషి భుజం దాకా. వాటి మధ్య రెండు మూడు మీటర్ల వెడల్పున నడవదగ్గ పగుళ్లు. అవి కొంతవరకు పాత వీధుల జాడనే అనుసరిస్తాయి. 1989లో డబ్బు లేక పని ఆగింది. బూర్రి 1995లో పోయాడు. ఆయన శతజయంతి అయిన 2015లో మిగిలిన భాగం పూర్తిచేశారు. కొండ వాలు మీద ఎనిమిది హెక్టార్లకు పైగా పరుచుకున్న తెల్లని దుప్పటి అది.

ఈ కృతి మీద ఒక గట్టి ఆక్షేపణ ఉంది. ఒకరి వంటిల్లు, ఒకరి పెళ్లిపెట్టె, ఒకరి తాత కట్టిన గోడ, అన్నీ ఆ సిమెంటు కింద ఉన్నాయి. కప్పే హక్కు కళాకారుడికి ఎవరిచ్చారు? కొద్ది దూరంలోనే పాత పోజ్జొరెయాలె ఉంది. దాని గోడలు కూలినవి కూలినట్టే, నిలిచినవి నిలిచినట్టే ఉన్నాయి. తన వీధి ఏదో, తన గుమ్మం ఏదో అక్కడివాళ్లు ఇప్పటికీ వేలు పెట్టి చూపగలరు. శ్రీశైలం జలాశయంలో మునిగి, నీరు తగ్గినప్పుడు మాత్రమే బయటపడే సంగమేశ్వరం గుడిని ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ ఆక్షేపణ బలం వెంటనే తెలుస్తుంది. ముంపు ఊళ్ల వాళ్లకు ఆ కాస్త కనబడడమే పెద్ద ఊరట.

అయినా క్రెత్తో పక్షాన ఒక మాట చెప్పాలి. పోజ్జొరెయాలె గోడలు ఏటా కొంచెం కొంచెంగా రాలుతున్నాయి. ఆ జ్ఞాపకం చివరి సాక్షితో ముగిసిపోతుంది. క్రెత్తో ఇంటింటి జ్ఞాపకాన్ని చెరిపి, ఊరి జ్ఞాపకాన్ని మిగిల్చింది. అక్కడ పుట్టనివాడు కూడా ఆ పగుళ్లలో నడిస్తే, ఇవి వీధులని, వీటికి రెండువైపులా మనుషులుండేవారని కాళ్లకు తెలుస్తుంది. బొమ్మ లేదు, పేర్ల పట్టిక లేదు, ఏడ్చే తల్లి విగ్రహం లేదు. దీన్ని పెకలించి ఇంకో కొండ మీద పెడితే మిగిలేది వట్టి సిమెంటు. హకోనె శిల్పాలకు వేసిన పరీక్షలో ఇది ఒక్కటే నూటికి నూరు తెచ్చుకుంటుంది.

సాకే చేతులు

ఆరుబయట పెట్టిన కళకు రోజూ శత్రువులే. వాన, ఆకులు, పక్షులు, తుప్పు, నాచు. హకోనెకు టికెట్ల ఆదాయం ఉంది, తోటమాలులున్నారు. తట్టుకోలేని వాటిని కప్పు కిందికి చేర్చే తెలివి ఉంది. పికాసో పింగాణీ కృతులను ఆయన కూతురు మాయా దగ్గర కొని, 1984లో వాటి కోసం ప్రత్యేకంగా భవనం తెరిచారు. నడిచి అలసినవాళ్లకు పాదాలు ముంచుకునే వేడినీటి తొట్టి కూడా కట్టారు. 2019 అక్టోబరు తుఫానుకు కొండ రైలు పట్టాలు కొట్టుకుపోతే, మరుసటి జులైకల్లా రైలు మళ్లీ నడిచింది. జనం రాకపోతే బతకలేని ప్రాంతం తన దారిని అంత త్వరగా బాగుచేసుకుంటుంది.

జిబెల్లీనాకు ఆ వసతి లేదు. కళాఖండాలు బహుమతిగా వచ్చాయి, వాటిని తుడిచే మనిషి జీతం బహుమతిగా రాలేదు. చిన్న మున్సిపాలిటీ నెత్తిన ఒక జాతీయ స్థాయి సేకరణ పడింది. క్రెత్తోలోనే చూడండి. 2015లో కొత్తగా పోసిన భాగం తెల్లగా మెరుస్తుంటే, 1980ల నాటి భాగం బూడిదరంగుకు తిరిగి, పగుళ్లలో కలుపు మొలిచింది. అయితే ఒక విషయంలో జిబెల్లీనా ఓడలేదు. శిథిలాల మీద 1980ల్లో మొదలైన ఒరెస్తియాది నాటకోత్సవం ఈనాటికీ నిలిచింది. మిమ్మో పలదీనో 1990లో నాటక రంగస్థలం కోసం చేసిన ఉప్పు కొండ, దానిలోంచి తలెత్తే నల్లని గుర్రాలు, ఇవాళ ఆ ఊరి గుర్తుల్లో ఒకటి. జనం చేతిలో పని ఉన్నచోట కళ బతికింది. చూసిపోవడానికి మాత్రమే పెట్టినచోట పాడుబడింది.

తీర్పు

మ్యూజియంగా తూస్తే హకోనె ముందుంటుంది. అది ఏం చేయదలచిందో అది చేసింది, 50 ఏళ్లకు పైగా చేస్తూనే ఉంది. ఊరుగా తూస్తే కొత్త జిబెల్లీనా విఫల ప్రయత్నమే. కళాకారుల నిజాయితీ ఎంత ఉన్నా, ముందు వీధి సరిగా లేకపోతే శిల్పం దాన్ని బాగుచేయలేదు. కృతిగా తూస్తే మాత్రం హకోనె 120 శిల్పాలను ఒక తట్టలో, క్రెత్తోను ఇంకో తట్టలో వేస్తే క్రెత్తో వైపే మొగ్గుతుంది. హకోనె ఎలా సాకాలో నేర్పుతుంది, జిబెల్లీనా ఎందుకు చేయాలో నేర్పుతుంది. 2026 బిరుదుతో ఇటలీ జిబెల్లీనాకు నిజంగా మేలు చేయదలిస్తే కొత్త కృతులు పెట్టించడం కన్నా ఉన్నవాటిని కాపాడేవాళ్లకు శాశ్వత ఉద్యోగాలివ్వడం మేలు.

మన దగ్గరా శిల్ప వనాలూ, కూడళ్ల సుందరీకరణా జరుగుతూనే ఉంటాయి. అలాంటి ప్రారంభోత్సవానికి వెళ్లిన పాఠకులు రెండు ప్రశ్నలు తప్పక అడగాలి. ఈ శిల్పం ఈ చోటనే ఎందుకు? పదేళ్ల తర్వాత దీన్ని తుడిచేదెవరు? రెండింటికీ జవాబు లేనిచోట రిబ్బను కత్తిరించడం తొందరపాటే.